పులికాట్‌లో డీజిల్ పడవకు సోలార్ పెట్టొచ్చా?

ప్రశ్న (తడ నుంచి):
అన్నలందరికీ నమస్కారం. మాకు ఒక ఫైబర్ పడవ ఉంది. 26 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి జనాన్ని, సామాన్లను చేరవేస్తాం. ఇంజన్ రోజుకు మూడు గంటలు నడుస్తుంది. డీజిల్ పోను చేతిలో మిగిలేది తక్కువ. ఎండకు పైన ఎలాగూ పట్టా కడుతున్నాం, దాని బదులు సోలార్ ప్యానెళ్లు పెట్టి మోటారుతో నడపొచ్చా? ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలు రెండున్నాయి, అవి సరిపోతాయా?

జవాబు (తిరుపతి నుంచి):
నడపొచ్చు తమ్ముడూ. కేరళలో 'ఆదిత్య' అనే సోలార్ పడవ 2017 జనవరి నుంచి వైక్కం, తవణక్కడవు మధ్య 75 మందిని ఎక్కించుకుని తిరుగుతోంది. కానీ దాన్ని మొదటి నుంచీ సోలార్ కోసమే కట్టారు. కింద రెండు సన్నటి పొట్టలు (నీళ్లలో తేలే భాగాలు), పైన వెడల్పాటి కప్పు. నీది ఒంటి పొట్ట పడవ, అందుకే లెక్క జాగ్రత్తగా వేయాలి.

540 వాట్ల ప్యానెల్ ఒకటి దాదాపు ఏడున్నర అడుగుల పొడవు ఉంటుంది. అడ్డంగా పరిస్తే రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాలు బయటికి వస్తుంది. నాలుగు పెడితే 2,160 వాట్లు. మంచి ఎండ రోజున సుమారు 8 యూనిట్లు వస్తాయి. మోటారు సగటున రెండున్నర కిలోవాట్లు తీసుకుంటే మూడు గంటలకు ఏడున్నర యూనిట్లు. సరిపోతుంది, కానీ ఇప్పటి వేగంతో కాదు. నీళ్లలో వేగం ఐదో వంతు తగ్గిస్తే మోటారు తీసుకునే కిలోవాట్లు దాదాపు సగానికి పడిపోతాయి. డబ్బంతా మిగిల్చేది అదే. ప్యానెళ్లు కొనడానికి ముందే వేగం సంగతి తేల్చుకో.

ఇన్వర్టర్ బ్యాటరీలు మాత్రం వద్దు. 150 ఆంపియర్-అవర్లవి రెండు కలిపినా మూడున్నర యూనిట్లు, అందులో సగానికి మించి వాడితే తొందరగా చెడిపోతాయి. పైగా ఉప్పునీరు ఆ యాసిడ్‌లో పడితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. జనం కూర్చునే పడవలో ఆ పని చేయకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 48 వోల్టులు 200 ఆంపియర్-అవర్లది పెట్టు. తొమ్మిదిన్నర యూనిట్లు పడుతుంది. ఎండ లేని రోజున రాత్రి ఇంటి కరెంటుతో నింపుకోవచ్చు.

నాకు ఎక్కువ భయం గాలి గురించే. ప్యానెళ్లే వంద కిలోలు దాటుతాయి, అంత బరువు నెత్తిన కూర్చుంటే పడవ ఊగిసలాడుతుంది. ఫ్రేమ్ వీలైనంత కిందికి కట్టు, బ్యాటరీని అడుగున పెట్టి బరువు సరిచెయ్యి.

జవాబు (సూళ్లూరుపేట నుంచి):
ఉప్పు సంగతి నేను చెప్తాను. మా రొయ్యల చెరువు షెడ్డు మీద ప్యానెళ్లు బిగించినాయన మామూలు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) బోల్టులు వాడాడు. ఒక్క వానాకాలం గడిచేసరికి తుప్పు పట్టి, స్పానర్‌కు లొంగకుండా చేతిలోనే విరిగిపోయాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి. వైర్ల జాయింట్లు నీళ్లు చిమ్మే వైపు పెట్టొద్దు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పకుండా ఉండాలి. కొంగలు, ఫ్లెమింగోలు తిరిగే సరస్సు కదా, రెట్టలు రోజూ మంచినీళ్లతో కడగండి. ఒక్క ప్యానెల్ మీద మచ్చ పడినా దానితో వరసలో ఉన్నవన్నీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది.

తడ నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా. నవంబరు, డిసెంబరుల్లో ఏం చేసేది? అప్పుడు ముసురు పట్టి నాలుగేసి రోజులు ఎండే ఉండదు.

తిరుపతి నుంచి:
అందుకే డీజిల్ ఇంజన్ తీసెయ్యొద్దు, పక్కన అలాగే ఉండనీ. తుఫాను హెచ్చరిక వస్తే ప్యానెళ్లు ఇద్దరు మనుషులతో విప్పి గట్టు మీద పెట్టేలా బిగించుకో. ఇంకో మాట. జనాన్ని ఎక్కించే పడవలో ఇలా మార్పు చేస్తే పడవ రిజిస్ట్రేషన్, సర్వే (తనిఖీ) కాగితాల్లో కూడా మార్చాల్సి వస్తుంది. అది పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ వాళ్లను కూడా ముందే అడుగు. పెట్టుబడి పెట్టాక ఆపితే బాధ నీదే.

తడ నుంచి:
సరే అన్నా. ఈ వారం డీజిల్ ఇంజన్‌నే నెమ్మదిగా నడిపి, ట్రిప్పుకు ఎంతసేపు పడుతుందో రాసుకుంటాను. దీవి వాళ్లు ఆ ఆలస్యానికి ఒప్పుకుంటే ప్యానెళ్ల ధరలు అడుగుతాను.