మాల్కమ్ యంగ్ రిథమ్ దెబ్బ మన యాంపులో ముద్దగా ఎందుకు వస్తోంది?

కౌశిక_గట్టు (అమలాపురం):

అన్నలూ, ఆస్ట్రేలియా రాక్ బ్యాండు ఏసీ/డీసీ వాళ్ళ 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాట ఫెస్టు కోసం మా బ్యాండు నేర్చుకుంటోంది. రిథమ్ గిటార్ నా వంతు. కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మూడే, 'ఈ', 'డీ', 'ఏ'. తప్పేమీ పోవట్లేదు. కానీ రికార్డులో సుత్తి దెబ్బల్లా విడివిడిగా వినబడేది నా దగ్గర ముద్దపప్పు అయిపోతోంది. గిటార్ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాది, బ్రిడ్జి దగ్గర, అంటే కింద తీగలు ఆనే చోట, హంబకర్ అనే జంట చుట్ల పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం). 0.009 అంగుళాల తీగలు. 15 వాట్ల యాంపు. ముందు డిస్టార్షన్ (సౌండ్‌ని గరగరలాడించే) పెడల్, గెయిన్, అంటే ఆ గరగర ఎంతో చెప్పే నాబ్, ముప్పాతిక దాకా తిప్పి ఉంది.

ఇంకో తగువు కూడా తీర్చండి. ఆ రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) స్కూలు నిక్కరు వేసుకుని గెంతే యాంగస్‌ది అని మాలో ఒకడు, కాదు వాళ్ళన్న మాల్కమ్‌ది అని ఇంకొకడు. అసలీ మాల్కమ్ పాడేవాడా, వాయించేవాడా? పనిలో పని, మన కోనసీమ తేమకి తీగలు ఇట్టే తుప్పు పట్టేస్తున్నాయి. దానికీ ఏదైనా చెప్పండి.

ర్యాలీ_రిథమ్:

ముందు తగువు తీర్చేద్దాం. రిఫ్ మాల్కమ్‌దేనండి. 'హైవే టు హెల్' టూర్ రోజుల్లోనే దాన్ని కట్టుకుని క్యాసెట్‌లో పట్టి ఉంచాడని తమ్ముడు యాంగసే చెప్పాడు. బ్యాండు పెట్టిందీ మాల్కమే.

పుట్టింది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, 1953 జనవరి 6న. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు, యాంగస్ ఆఖరివాడు. 1963లో కుటుంబం ఆస్ట్రేలియా వలస వెళ్ళింది. సిడ్నీలో మొదట దిగింది విలావుడ్ వలసదారుల హాస్టల్లో. వీళ్ళ కథకి మలుపు అక్కడే. పెద్దన్నల్లో ఒకడైన జార్జికి ఆ హాస్టల్లోనే హ్యారీ వాండా కలిశాడు, ఇద్దరూ కలిసి ఈజీబీట్స్ బ్యాండులో చేరారు. 1966లో 'ఫ్రైడే ఆన్ మై మైండ్' దేశాలు దాటి వినబడింది. అంటే మాల్కమ్‌కి పదమూడేళ్ళు వచ్చేసరికి ఇంట్లోనే ఒక రాక్ స్టార్ ఉన్నాడు. తర్వాత ఏసీ/డీసీ తొలి రికార్డులకు ప్రొడ్యూసర్లు కూడా ఈ జార్జి, వాండాలే.

చదువు మానేశాక మాల్కమ్ లోదుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్‌గా చేశాడు. ఏసీ/డీసీ అనే పేరు అక్క మార్గరెట్ కుట్టుమిషన్ మీద రాసి ఉన్నదే. ఏసీ కరెంటుకైనా, డీసీ కరెంటుకైనా ఆడుతుందని దానర్థం. 1973 నవంబర్‌లో బ్యాండు మొదలైంది. డిసెంబర్ 31 రాత్రి సిడ్నీలోని చెకర్స్ క్లబ్బులో తొలి కచేరీ. మరుసటి ఏడు బాన్ స్కాట్ పాటగాడిగా వచ్చాడు.

1976 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో లారీ తొట్టి మీద నిలబడి బ్యాగ్‌పైప్ వాళ్ళతో సహా వాయించుకుంటూ పోయే వీడియో ఒకటుంది. మన తీర్థాల్లో ఊరేగింపు లారీ మీద బ్యాండుమేళం చూసినవాళ్ళకి అది కొత్తగా అనిపించదు. వీలైతే చూడండి.

1980 ఫిబ్రవరి 19న బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. ఐదు నెలలు తిరిగేసరికి, జులై 25న, కొత్త పాటగాడు బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదలైంది. రికార్డింగ్ బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ మట్ లాంగ్. మీరు నేర్చుకుంటున్నది ఆ ఆల్బమ్ పేరు పాటే.

పాడేవాడా అంటే, ముందు నిలబడి పాడేవాడు కాదు, వెనక గొంతు. అతను, బాస్ గిటార్ వాయించే క్లిఫ్ విలియమ్స్ డ్రమ్ముల దగ్గర నిలబడి వాయిస్తూ ఉండేవారు. పల్లవి రాగానే ఇద్దరూ నాలుగడుగులు మైకు దాకా వచ్చి అరిచేవారు, మళ్ళీ వెనక్కి పోయేవారు. ఆ గుంపు గొంతు లేకపోతే ఏసీ/డీసీ పల్లవి సగం ఖాళీ. 1990 నాటి 'ది రేజర్స్ ఎడ్జ్' నుంచి మాటలు రాసిందీ అన్నదమ్ములే.

మధ్యలో 1988లో తాగుడు మానడానికి టూర్ వదిలి వెళ్ళాడు. అప్పుడు అతని చోట వాయించింది అన్న కొడుకు స్టీవీ యంగ్. ఆఖరి కచేరీ 2010 జూన్ 28న, స్పెయిన్‌లోని బిల్బావోలో. 2014లో డిమెన్షియా వల్ల పూర్తిగా తప్పుకుంటే మళ్ళీ ఆ స్టీవీయే వచ్చాడు. 2017 నవంబర్ 18న మాల్కమ్ పోయాడు, 64 ఏళ్ళు. అంతకు నెల్లాళ్ళ లోపే, అక్టోబర్ 22న, జార్జి పోయాడు.

భీమవరం_యాంపు:

ర్యాలీ వారు కథ చెప్పేశారు కాబట్టి నేను సౌండ్ సంగతి పట్టుకుంటాను.

తమ్ముడూ, తప్పంతా ఆ పెడల్‌లో ఉంది. మాల్కమ్ సౌండ్‌లో గెయిన్ నీ అంచనాలో మూడో వంతు కూడా ఉండదు. వాడింది 1963 నాటి గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్ గిటార్, హ్యారీ వాండా ఇచ్చింది. పైనున్న ఎర్ర రంగు గీకేసి, బ్రిడ్జి దగ్గరి పికప్ ఒక్కటే ఉంచి మిగతాది పీకేశాడు. ఆ ఖాళీ గుంత ఫోటోల్లో కనబడుతుంది. ఆ పికప్ పేరు ఫిల్టర్‌ట్రాన్. హంబకరే గానీ చుట్లు తక్కువ, డీసీ రెసిస్టెన్స్ 4 కిలో ఓములు అటూఇటూ. మామూలు పాతకాలపు హంబకర్ 7.5 నుంచి 8.5 దాకా ఉంటుంది. అంటే యాంపులోకి వెళ్ళే సిగ్నలే తక్కువ. అక్కణ్ణుంచి నేరుగా 100 వాట్ల మార్షల్ యాంపు. మధ్యలో పెడల్ గిడల్ ఏమీ లేదు.

ముద్ద అవడానికి కారణం చెబుతాను. నువ్వు వాయించేవి పూర్తి ఓపెన్ కార్డులు (నొక్కని తీగలు కూడా మోగేవి), వాటిలో మేజర్ థర్డ్, అంటే మన లెక్కలో స తో పాటు అంతర గాంధారం, ఉంటుంది. రెండు స్వరాల పవర్ కార్డయితే ఎక్కువ డిస్టార్షన్‌కి తట్టుకుంటుంది. థర్డ్ కలిస్తే మాత్రం స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని కార్డులో లేని కొత్త స్వరాలు పుడతాయి. చెవికి బురదలా తగిలేది అదే. పైగా డిస్టార్షన్ ఎక్కువైతే గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకేలా వినబడుతుంది. చేతి బలం యాంపు దాకా వెళ్ళదు.

ఇలా చెయ్యి. డిస్టార్షన్ పెడల్ పక్కన పెట్టు. యాంపులో గెయిన్ 3, బాస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 6, వాల్యూమ్ ఇంట్లోవాళ్ళు ఓర్చుకున్నంత. గిటార్ వాల్యూమ్ నాబ్ 7 దగ్గర ఉంచు. మెల్లగా మీటితే క్లీన్‌గా ఉండి, గట్టిగా కొట్టినప్పుడు మాత్రమే అంచు చిరగాలి. యాంపు మరీ శుభ్రంగా ఉందనిపిస్తే ఓవర్‌డ్రైవ్ (డిస్టార్షన్ కన్నా మెత్తనిది) పెడల్ పెట్టుకో, డ్రైవ్ తొమ్మిది గంటల ముల్లు దగ్గర, లెవెల్ పైకి.

పికప్‌ని కూడా కాస్త కిందికి దించు. ఆఖరి ఫ్రెట్ (నెక్ మీది అడ్డపట్టీ) దగ్గర తీగ నొక్కిపెట్టి చూస్తే పికప్‌కీ తీగకీ మధ్య మందం తీగల వైపు 3 మిల్లీమీటర్లు, సన్నం వైపు 2.5 ఉండాలి. రెండు పక్కలా ఉన్న స్క్రూలతో అయిపోయే పని.

ఇక చెయ్యి. ఆ రిఫ్‌లో 'ఈ' కార్డు ఒక దెబ్బ, ఖాళీ, 'డీ' మూడు దెబ్బలు, ఖాళీ, 'ఏ' మూడు దెబ్బలు. ఆ ఖాళీలే పాట. మన గరగల వాళ్ళ డప్పు విను, దరువు ఆగినచోట ఎంత కచ్చితంగా ఆగుతుందో. కార్డు కొట్టాక ఎడమచేతి వేళ్ళు తీగల మీంచి పూర్తిగా తియ్యకు, నొక్కు మాత్రం వదులు. అదే సమయానికి కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించు. రెండు చేతులూ పనిచేస్తేనే ఓపెన్ తీగలు నోరు మూస్తాయి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బలతో మొదలెట్టి నాలుగేసి పెంచుకుంటూ 93 దాకా రా, పాట వేగం ఇంచుమించు అంతే.

హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు సాధారణంగా మాల్కమ్ ఎడమ చెవిలో, యాంగస్ కుడి చెవిలో ఉంటారు. కుడిది తీసేసి ఎడమది ఒక్కటే పెట్టుకుని విను. ఎంత క్లీన్‌గా వాయించాడో అప్పుడు తెలుస్తుంది.

ద్రాక్షారం_ఫ్రెట్:

అందరూ అసలు సంగతి వదిలేశారు, తీగలు. మాల్కమ్ వాడింది 0.012 నుంచి 0.056 సెట్టు, అందులో మూడో తీగ కూడా చుట్టిన తీగే (ఉక్కు తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టింది). 0.009 మీద అంత గట్టిగా కొడితే తీగ సాగి ఒక్క క్షణం శ్రుతి పైకి లేస్తుంది. కార్డు మొదట్లో అపశ్రుతిగా తగిలేది అదే. గెయిన్ ఎంత తగ్గించినా అది పోదు.

భీమవరం_యాంపు:

అయ్యా, నిజమే గానీ కుర్రాడి చేత 12లు వేయించకండి. ఒకే పొడవు, ఒకే శ్రుతి అయితే లాగుడు తీగ మందానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 12ని 9తో భాగించి వర్గం చేయండి, మొదటి తీగ ఒక్కదానికే 1.78 రెట్లు. పైగా గ్రెచ్ తీగ పొడవు దాదాపు 24.6 అంగుళాలు, స్ట్రాట్‌ది 25.5. అదే తీగ స్ట్రాట్ మీద ఇంకా బిగువు. వేళ్ళు వాచిపోతాయి, ఫెస్టు రోజుకి చెయ్యి లేవదు.

ద్రాక్షారం_ఫ్రెట్:

సరే, ఒప్పుకున్నాను. 0.011 సెట్టు వేయించుకో బాబూ, చాలు. కానీ వేసి వదిలేస్తే కుదరదు, క్రమం ఇదీ.

స్ట్రాట్‌కి వెనక స్ప్రింగులుంటాయి. మందం తీగలు ఎక్కగానే బ్రిడ్జి ముందుకు లేచిపోతుంది. వెనక మూత విప్పి, స్ప్రింగులు మూడే ఉంటే నాలుగోది తగిలించి, స్ప్రింగుల్ని పట్టుకున్న కొండీ స్క్రూలు రెండూ సమానంగా బిగించుకుంటూ బ్రిడ్జి మళ్ళీ సమంగా కూర్చునేదాకా రావాలి. ప్రతి సవరణ తర్వాతా శ్రుతి చేయాల్సిందే, విసుగొచ్చినా తప్పదు.

తర్వాత నెక్ వంపు. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టి, ఆరో తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందం, అంటే 0.25 మిల్లీమీటరు, సందు ఉంటే బాగుంటుంది. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఇనప కడ్డీ) సరైన సైజు అలెన్ కీతో కుడివైపు పావు తిప్పుకి మించకుండా తిప్పి, ఒక పూట వదిలెయ్యి. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చెయ్యకు. అక్కడ విరిగితే నెక్ మార్చడమే.

నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడి 9 తీగకి కోసింది. 11 అందులో ఇరుక్కుంటుంది, శ్రుతి చేసేటప్పుడు 'టిక్' మని శబ్దం వస్తుంది, తర్వాత దిగిపోతుంది. ముందు పెన్సిల్ గీచి గ్రాఫైట్ పొడి వేసి చూడు. తగ్గకపోతే గాడి పక్కలు మాత్రం వెడల్పు చేయించాలి, అడుగు కోస్తే తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి జిర్రుమంటుంది. చివరగా ఇంటొనేషన్, అంటే నెక్ పొడుగునా శ్రుతి సరిగ్గా ఉండటం. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో పోల్చు. నొక్కింది ఎక్కువ చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువైతే ముందుకి.

వశిష్ఠ_రేవు (నరసాపురం):

తుప్పు సంగతి నేను చెబుతానండి. మా వైపు సముద్రపు గాలి, మీకన్నా ఘోరం. వాయించడం అవగానే పొడి నూలుగుడ్డతో ప్రతి తీగనీ పైనా కిందా తుడవాలి, పాత పంచె ముక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది. గిటార్ గోడకి తగిలించొద్దు, కేసులో పెట్టి సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వెయ్యండి. రంగు మారే రకమైతే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. కోటింగ్ ఉన్న తీగలు ధర ఎక్కువే గానీ మన దగ్గర గిట్టుబాటు. కోనసీమ కాబట్టి ముందే చెబుతున్నా, ఫ్రెట్‌బోర్డుకి కొబ్బరినూనె రాయకండి. జిడ్డు పట్టి, కంపు కొట్టి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతి పొడిగాలికి ఒకసారి నెక్ వంపు చూసుకోవాలి, చెక్క తేమ పీల్చి మారుతుంది.

ఇంకోటి, ఇది సరదాకి చెప్పేది కాదు. పల్లవి కోసం మాల్కమ్‌లా మైకు దగ్గరికి వెళతావు కదా. గిటార్ తీగలకి యాంపు ఎర్తు, మైకుకి సౌండ్ సిస్టమ్ ఎర్తు. పందిట్లో ఒకటి జనరేటర్ మీద, ఇంకొకటి మెయిన్ లైన్ మీద ఉంటే చెయ్యి తీగల మీద, మూతి మైకు జాలీకి తగిలిన క్షణం షాక్ కొడుతుంది. అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస గిటార్ తీగకి, ఇంకో కొస మైకు జాలీకి ఆనించి చూడండి. ఒకటి రెండు వోల్టులు దాటితే సరిచేసేదాకా ముట్టుకోవద్దు. హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసేవాళ్ళుంటారు, ఆ పని అస్సలు చెయ్యొద్దు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టమని మైకు సెట్టు వాళ్ళని గట్టిగా అడగండి.

కౌశిక_గట్టు:

పెడల్ పీకేసి గెయిన్ 3లో పెట్టి చూశాను. ముద్ద పోయింది, ఇప్పుడు నా తప్పులన్నీ బయటపడుతున్నాయి. 11 తీగలు తెప్పిస్తాను. చుట్టిన మూడో తీగ కావాలంటే, ఇక్కడ దొరికే అకూస్టిక్ సెట్టులోది తీసి వేసుకోవచ్చా?

ద్రాక్షారం_ఫ్రెట్:

వద్దు బాబూ. దాని మీది చుట్టు కంచు, అయస్కాంతం దాన్ని పట్టుకోదు, లోపలి ఉక్కు తీగ ఒక్కటే పికప్‌కి వినబడుతుంది. పక్క తీగలు గట్టిగా, అదొక్కటి నీరసంగా వస్తుంది. నికెల్ చుట్టుతో, మూడోది చుట్టినది అని రాసి ఉన్న ఎలక్ట్రిక్ సెట్టు ఆన్‌లైన్‌లో వెతుకు, జాజ్ సెట్లలో ఉంటుంది. అది వేశాక మూడో తీగ శాడిల్‌ని కొంచెం నట్ వైపు జరపాల్సి వస్తుంది, ప్లెయిన్ (చుట్టని) తీగకన్నా దాని లోపలి ఉక్కు సన్నం కాబట్టి.