బస్సు ప్రయాణానికి చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ హెడ్‌ఫోన్లు: ఆరు వేలలో ఏవి మేలు?

ప్రశ్న – గాజువాక ప్రయాణికుడు

నేను రోజూ గాజువాక నుంచి మధురవాడకు సిటీ బస్సులో వెళ్ళి వస్తాను. ఎన్.ఏ.డి. కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా సాగే ఈ దారిలో ఇంజిన్ మోత ఒక్క క్షణం కూడా ఆగదు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లతో నొప్పి పుడుతున్నందున, చెవిని పూర్తిగా కప్పే రకం కొనాలనుకుంటున్నాను. ఎక్కువగా వినేది కర్ణాటక సంగీత కచేరీలు. కళ్ళద్దాలు వాడతాను, ఫోనుకు 3.5 మి.మీ. జాక్ లేదు. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ మంచిదని ఒకరు, నాయిస్ క్యాన్సలేషన్ (బయటి మోతను ఎదురు శబ్దంతో తగ్గించే ఏర్పాటు) లేనిది బస్సులో దండగని మరొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – సీతమ్మధార శ్రోత

ఎం20ఎక్స్ ధ్వని ఆ ధరకు నిజంగా మంచిదే. ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) 47 ఓమ్‌లే గనుక ఫోనుతోనే చక్కగా పలుకుతుంది. అయితే అది స్టూడియో కోసం చేసినది కావడంతో దాని వైరు మూడు మీటర్ల పొడవు ఉంటుంది, పైగా ఊడదీసి పొట్టిది పెట్టుకునే వీలు లేదు. నిలబడి ప్రయాణించే బస్సులో ఆ వైరును చుట్టి సంచిలో దాచుకోక తప్పదు. మీ ఫోనుకు జాక్ లేదు కాబట్టి టైప్-సి అడాప్టర్ కూడా కావాలి. దానిలోనే డాక్ చిప్ (ఫోనులోని డిజిటల్ సంకేతాన్ని హెడ్‌ఫోను పలికించగల సంకేతంగా మార్చేది) ఉన్నది తీసుకోండి, ఎందుకంటే వైరు మాత్రమే ఉండే చవక అడాప్టర్లు చాలా ఫోన్లలో పనిచేయవు.

ఇక మోత సంగతి. క్లోజ్డ్ కప్పులు, అంటే వెనుక వైపు మూసి ఉండేవి, హారన్లు, మాటల వంటి పై స్థాయి శబ్దాలను బాగానే అడ్డుకుంటాయి కానీ ఇంజిన్ నుంచి వచ్చే మంద్రమైన రొద వాటి గుండా లోపలికి వచ్చేస్తుంది. కచేరీలో తంబుర శ్రుతి, మృదంగం ఎడమ వైపు నాదం మరుగునపడేది సరిగ్గా ఆ రొదలోనే. గాత్రం, వయొలిన్ మాత్రం స్పష్టంగానే వినిపిస్తాయి.

సమాధానం – ఉక్కునగరం వాసి

పై మిత్రులు చెప్పిన కారణం వల్లనే నేను నాయిస్ క్యాన్సలేషన్ వైపు మొగ్గుతాను. ఎడతెగని మంద్ర శబ్దాన్ని తగ్గించడంలోనే ఆ పద్ధతి బలం ఉంది. హఠాత్తుగా మోగే హారన్ మీద దాని ప్రభావం తక్కువ. రొద వినిపిస్తున్నంతసేపూ మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. మీ ప్రయాణపు నిడివితో ఒకసారి పోల్చి చూసుకోండి. ఆ సౌకర్యం ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోను సోనీ డబ్ల్యుహెచ్-సిహెచ్720ఎన్ 192 గ్రాముల బరువే ఉంటుంది, ఒకసారి ఛార్జి చేస్తే క్యాన్సలేషన్‌తో 35 గంటలు పనిచేస్తుందని తయారీదారు చెబుతారు. కాకపోతే దాని ధర సాధారణంగా మీ పరిమితికి పైనే.

సమాధానం – పెదవాల్తేరు అద్దాలాయన

ఇద్దరూ అద్దాల మాట వదిలేశారు. కుషన్‌కూ చెంపకూ మధ్య అద్దాల కాడ దూరితే అక్కడ సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి బయటి రొద లోపలికి వస్తుంది, లోపలి బేస్ బయటికి పోతుంది. అప్పుడు ఎంత పేరున్న మోడల్ అయినా ఒకటే. డాబాగార్డెన్స్‌లో ఏదైనా దుకాణానికి వెళ్ళి, అద్దాలతోనే పెట్టుకుని, పాట వేయకుండా రోడ్డు మోత ఎంత తగ్గిందో ముందు గమనించండి. కాసేపు అలాగే ఉంచుకుంటే కాడ చెవి మీద నొక్కుతోందో లేదో కూడా తెలుస్తుంది. మన సముద్రపు గాలికీ చెమటకూ కృత్రిమ తోలు పొరలుగా రాలిపోతుంది, అందువల్ల కుషన్లు విడిగా దొరికే మోడలే కొనండి.

గాజువాక ప్రయాణికుడు

అందరికీ ధన్యవాదాలు. ధర తగ్గింపు వచ్చే వరకు ఆగి సోనీ తీసుకోవాలా, ఇప్పుడే ఎం20ఎక్స్ కొనాలా అన్నది అద్దాలతో రెండూ పెట్టి చూశాకే తేల్చుకుంటాను. మూడు మీటర్ల వైరు విషయం మాత్రం నన్ను కొంత వెనక్కి లాగుతోంది.