చైన్ సా సైలెన్సర్ బోల్టులు నిలవడం లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి

కాశీనగరం జీడితోట:
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, కాశీనగరం దగ్గర. జీడితోటలో ఎండుకొమ్మలకీ, గట్టు మీది నీలగిరికీ 58 సీసీ మిషన్ ఒకటి కొనుక్కున్నాం. సైలెన్సర్ రెండు బోల్టులూ వదులైపోతున్నాయి. ఒక పూట కోస్తే చాలు, డబ్బా చేత్తో కదిపితే కదులుతోంది. ఒక బోల్టు ఆకుల్లో ఎక్కడో పడిపోయింది కూడా. పక్కనున్న ప్లాస్టిక్ కవరు వేడికి మెత్తబడి వంగింది. పర్లాకిమిడిలో షాపతను కొత్త బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు వేసిచ్చాడు, అయినా అంతే. బోల్టు వదులవకుండా మరకి రాసే ఎర్ర గమ్ము (థ్రెడ్ లాకర్) రాస్తే నిలుస్తుందంటున్నారు, నిజమేనా? లీటరు పెట్రోల్‌కి ఆయిల్ ఎంత కలపాలి? ఇలాగే వాడితే పిస్టన్‌కేమైనా అవుతుందా? సంక్రాంతి దాటాక కర్ర కోత మొదలెట్టాలి, కాస్త చెప్పండి.

రాయగడ నీలగిరి:
అసలు జబ్బు ఆయిల్లో ఉంటుంది, అది ముందు చూడు. లీటరుకి 20 మి.లీ. పోస్తే 50:1, 40 మి.లీ. పోస్తే 25:1. నీ మిషన్ పుస్తకంలో ఏది రాసుంటే అదే పొయ్యి, పక్కోడు చెప్పింది కాదు. మావైపు కోతకొచ్చే కుర్రాళ్ళు బండిలోంచి దించిన నల్లాయిల్ కూడా కలిపేస్తారు, చూస్తే కడుపు మండిపోద్ది. సైలెన్సర్ లోపల చిన్న జాలీ ఉంటుంది, అది మసితో మూసుకుపోతే పొగ బయటికి పోక డబ్బా ఎర్రగా కాలుతుంది. కాలితే బోల్టు నిలుస్తుందా? జాలీ తీసి వైరు బ్రష్షుతో గీకు. జేకేపూర్ కాగితం మిల్లుకి కర్ర తోలేవాళ్ళం, మా మిషన్లు పొద్దున్న మొదలెడితే పొద్దుగూకేదాకా ఆగవు. ఒక్కదానికీ సైలెన్సర్ ఊడలేదు.

సిరొంచ టేకు:
తమ్మీ, ఆ ఎర్ర గమ్ము జోలికి పోకు. మా దగ్గర ఒకాయన పెట్టిండు. ఒక్క దినం ఉన్నది, మల్ల లూజే. గమ్ము మర్ల సందుల మాడి గట్టిగయి, బోల్టు తీస్తుంటె తల తెగి లోపలనే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లు కొట్టి తీపిచ్చుడుకు మిషన్ పట్టుకొని ప్రాణహిత దాటి మంచిర్యాల దాక పోవాల్సొచ్చింది. పైసలు పోయినై, పనీ పోయింది.

బల్లార్షా రంపం:
గమ్ము పని చెయ్యదని ఊకె అంటె ఎట్ల? పోయిన ఎండకాలం నేను పెట్టిన, ఇప్పటికీ బోల్టు కదల్లే. అసలు రకం తెలుసుకోవాలె. షాపుల ఏది దొరికితె అది రాస్తె ఎట్ల ఆగుతది? మర్లు పెట్రోల్‌తోటి శుభ్రంగ కడిగి, ఆరినంక రాసి, ఒక రాత్రి ముట్టకుండ ఉంచాలె. ఎవ్వరు ఉంచుతరు? రాసుడు, గుంజుడు. పని చెయ్యలేదని మల్ల గమ్మును తిట్టుడు.

గుణుపురం లేత్:
మా నాన్నగారి కాలం నుంచి లేత్ పనే మాది. గుణుపురం నుంచి పద్మపురం దాకా పంపుసెట్లు, దున్నే మిషన్లు, చైన్ సాలు అన్నీ మా షెడ్డుకే వస్తాయి. గమ్ము గురించి లెక్కతో చెప్తాను. మామూలు నీలం గమ్ము పట్టుండేది 180 డిగ్రీల దాకానే. వేడికి ఆగుతుందని ప్రత్యేకంగా అమ్మే రకాలు కూడా చాలావరకు 230 చుట్టుపక్కల చేతులెత్తేస్తాయి. ఎర్ర గమ్ము పెట్టిన బోల్టు విప్పాలంటే 250 డిగ్రీలకి వేడి చెయ్యమని తయారుచేసినవాళ్ళే చెప్తారు. పొగ బయటికొచ్చే చోట ఆ వేడి మనం ఇవ్వక్కర్లేదు, ఇంజనే ఇస్తుంది. అక్కడ గమ్ము రాయడమంటే బోల్టు విప్పుకునే ఏర్పాటు మనమే చేసినట్టు.

బల్లార్షా రంపం:
లేతన్నా, పుస్తకం చదివి చెప్పుడు వేరు, చేసి చూసుడు వేరు. నా మిషన్‌కు నిలిచింది. మరి దానికేం జవాబు చెప్తవ్?

గుణుపురం లేత్:
మీ మిషన్‌కి నిలిచింది గమ్ము వల్ల కాదు, మీరు శుభ్రంగా కడిగి సరిగ్గా బిగించడం వల్ల. గమ్ము ఎప్పుడో కాలిపోయుంటుంది. ఒకసారి విప్పి చూడండి, మరల్లో తెల్లటి పొడి రాలుతుంది.

బల్లార్షా రంపం:
ఎందుకిప్పాలె? మంచిగ నడుస్తున్నదాన్ని ఎవడన్న ఇప్పుతడా?

కిన్వట్ చేనుగట్టు:
మీ పంచాయితీ పక్కన పెట్టుండ్రి. మిషన్ కొనుడు అల్కనే, చెట్టు కోసుడే తిప్పలు. మహారాష్ట్రల 1964 నుంచి చెట్ల నరుకుడు చట్టం ఉన్నది. నా చేనుగట్టున నా తాత పెట్టిన టేకు, నేను కోసుకునేందుకు కాయిదాల చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయినై. ఇయ్యాల రా, రేపు రా, సాబు లేడు. మిషన్ మూలకు పడి చైనుకు తుప్పు పట్టింది. ఒడిశాల మీకెట్లున్నదో చెప్పుండ్రి.

రాయగడ నీలగిరి:
పర్మిషన్ మాట ఇంకో చోట పెట్టు బాబూ. ఇక్కడ అడిగింది సైలెన్సర్ గురించి.

కిన్వట్ చేనుగట్టు:
సైలెన్సర్ అడిగితె నువ్వు ఆయిల్ గురించి చెప్పినవ్ గద! నేను కష్టం చెప్పుకుంటె నీకేం నొప్పి?

మహేంద్రతనయ:
గొడవలొద్దు. నాకు తెలిసింది చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదకొచ్చినప్పుడు, పర్లా చుట్టూ రోడ్ల మీద అడ్డం పడని చెట్టు లేదు. మా కుర్రాళ్ళందరం దొరికిన మిషన్లన్నీ పట్టుకొని కోశాం. తడి మాను, బురద, ఇసుక. అరగంటకే చైను మొద్దుబారిపోయేది, అయినా గుద్దుకుంటూ కోసేవాళ్ళం. ఆ వారంలో సైలెన్సర్ ఊడని మిషన్ లేదు. అప్పుడు నాకు బోధపడింది ఒకటే: బోల్టుని వదులు చేసేది వేడి ఒక్కటే కాదు, అదురు కూడా. కోసే పన్ను ముందు చిన్న మొన ఉంటుంది కదా, అది పన్ను కంటే దాదాపు 0.65 మి.మీ. కిందుండాలి. చాలామంది తొందరగా తెగాలని దాన్ని మరీ అరగదీసేస్తారు. అప్పుడు చైను మానుని పట్టి గుంజుతుంది, మిషనంతా దడదడలాడుతుంది. పిడికీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు బుష్షులు చిరిగిపోయినా అంతే. చైను పదునుగా ఉంటే పొట్టు ముక్కలుగా పడుతుంది, పిండిలా పడుతోందంటే మొద్దుబారినట్టు. కాశీనగరం బాబూ, నీకు పడేది ఏది?

సిరొంచ టేకు:
గీ మాట నిజం. టేకు కోస్తె తెలుస్తది, పొడుం పడ్డదంటే ఆకురాయి తియ్యాల్సిందే. ఇంకో మాట. బోల్టు చల్లగున్నప్పుడు గుంజితె లాభం లేదు. మిషన్ నడిపి, వేడి మీదనే గుంజాలె. మా దగ్గర అందరం గట్లనే చేస్తం.

గుణుపురం లేత్:
అన్నా, మీరంటే గౌరవమే గాని ఇది తప్పు. సిలిండరు అల్యూమినియం, బోల్టు ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే ఇంచుమించు రెండింతలు పెరుగుతుంది. వేడి మీద ఉన్నప్పుడు అల్యూమినియం మర మెత్తగా ఉంటుంది, మీరు బలంగా తిప్పితే మర ఊడి బోల్టుతో పాటు బయటికొస్తుంది. మా షెడ్డుకొచ్చే సిలిండర్లలో ఎక్కువ భాగం అలా పాడైనవే. చల్లగా ఉన్నప్పుడు బిగించి, ఒక ట్యాంకు కోసి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. ఎలన్ కీ పొడుగు వైపు బోల్టులో పెట్టి, పొట్టి వైపు చేత్తో పట్టుకుని తిప్పండి. పైపు తొడిగి తిప్పడం పూర్తిగా మానెయ్యాలి.

సిరొంచ టేకు:
మా తాతలకాన్నుంచి అడవిల పనే మాది. మాకు చెప్తవా?

గుణుపురం లేత్:
చెట్టు గురించి మీకు చెప్పను. మర గురించి చెప్తాను.

రాయగడ నీలగిరి:
కుర్రాడు పిస్టన్ గురించి అడిగాడు, ఎవరూ చెప్పలేదు. వదులు సైలెన్సర్‌తో నడిపితే పిస్టన్ సీజైపోద్ది, చెప్తున్నాను.

గుణుపురం లేత్:
దానివల్ల కాదండీ. పిస్టన్ని పట్టేసేది లోపలికి గాలి లాగే వైపు లీకు. కార్బురేటర్‌కీ సిలిండరుకీ మధ్య రబ్బరు బూటు చిట్లితే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువై మాడుతుంది. పొగ వైపు లీకైతే పక్కన ఉన్నవి కాలతాయి: కవరు, గొట్టాలు, పెట్రోల్ ట్యాంకు అంచు. ఆయన కవరు వంగిందన్నాడు కదా, అదే. అది తక్కువ ప్రమాదమని అనను, ఎండాకుల్లో నిప్పురవ్వ పడితే తోట అంటుకుంటుంది. జీడితోటలో మరీ భయం.

ఇప్పుడు అసలు మాట. కాశీనగరం బాబూ, షాపతను వేసిన కొత్త బోల్టు పాతదానికంటే పొడుగా? సైలెన్సర్ తీసి పక్కన పెట్టు. బోల్టు ఒక్కదాన్నే సిలిండరు రంధ్రంలోకి చేత్తో చివరిదాకా తిప్పు. ఇంక తిరగనప్పుడు తల కింద ఎంత మిగిలిందో కొలువు. ఆ మిగిలింది సైలెన్సర్ మందం, వాషరు, మధ్యలో వేసే ప్యాకింగ్ మూడూ కలిపినదానికంటే ఎక్కువుంటే బోల్టు అడుగుకి తగిలి ఆగిపోతోందన్నమాట. నీ చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది గాని సైలెన్సర్‌ని పట్టుకోదు. దానికి గమ్మూ వద్దు, వేడీ వద్దు, ఏం చేసినా నిలవదు.

బల్లార్షా రంపం:
గిది మంచిగ చెప్పినవ్. గమ్ము మాట మాత్రం నేను ఒప్పుకోను.

కాశీనగరం జీడితోట:
మీరు చెప్పినట్టే చూశాను లేతన్నా. ఒక బోల్టు నిజంగానే పొడుగు, సైలెన్సర్ లేకుండా తిప్పితే తల కింద మిగిలింది డబ్బా మందం కంటే ఎక్కువే. పొగ వచ్చే రంధ్రం చుట్టూ నల్లటి తడి మసి చారలు ఉన్నాయి, అటువైపే. రెండో రంధ్రంలో బోల్టు సరిపోయింది గాని మర సగం పోయింది, బోల్టు చివర్న అల్యూమినియం తీగలా చుట్టుకొని వచ్చింది. ప్యాకింగ్ కాలి ముక్కలైపోయింది. దీనికి ఏం చెయ్యాలి?

గుణుపురం లేత్:
పొడుగు బోల్టు ఆకురాయితో అరగదీసి సరిపెట్టు, లేదా సరైన కొలతది కొను. మర పోయిన రంధ్రానికి తీగ చుట్ట వెయ్యాలి, హెలికాయిల్ అంటారు. 5 మి.మీ. బోల్టుకి 5.2 డ్రిల్లు పడుతుంది. డ్రిల్లు పెట్టే ముందు ఇంజను తిప్పి పిస్టన్ పొగ రంధ్రాన్ని మూసేలా నిలబెట్టు. రంధ్రం ముందు గ్రీజు పూసిన గుడ్డ పెట్టు, మర కోసే ట్యాపుకీ గ్రీజు పూసుకో, పొడి దానికంటుకుంటుంది. ఒక్క అల్యూమినియం రజను లోపలికి పోయినా సిలిండరు గోడ గీసేస్తుంది. సైలెన్సర్ అంచు వంకర పోయిందేమో కూడా చూడు: మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, అంచు దాని మీద రుద్దితే ఎక్కడ తగులుతుందో, ఎక్కడ తగలదో మెరుపులో తెలిసిపోతుంది. కొత్త ప్యాకింగ్ తప్పనిసరి, ఎం-సీల్ లాంటివి పూయొద్దు.

బల్లార్షా రంపం:
ఇంత కథ ఎందుకు? 6 ట్యాపు కొట్టి పెద్ద బోల్టు వేస్తె అయిపోతది.

గుణుపురం లేత్:
అక్కడ అల్యూమినియం గోడ పలచగా ఉంటుంది. 6 వేస్తే పక్కకి చిట్లిందంటే సిలిండరే మార్చాలి. సైలెన్సర్ రంధ్రం కూడా పెద్దది చెయ్యాల్సొస్తుంది.

బల్లార్షా రంపం:
నేను వేసిన, చిట్లలే.

కిన్వట్ చేనుగట్టు:
స్టీలు బోల్టులు వేస్తె మంచిదంటరు, నిజమేనా? ఎవ్వరన్న చెప్పుండ్రి. నాకు పర్మిషన్ వచ్చినంక అవసరం పడతది.

మహేంద్రతనయ:
స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి మామూలు ఇనుము కంటే ఎక్కువ పెరుగుతుంది, అల్యూమినియం పెరుగుదలకి దగ్గరగా వస్తుంది, అందుకే కొంతమంది వేస్తారు. తడి ఉంటే అల్యూమినియంతో కలిసి తుప్పు పడుతుంది గనక మరకి రాగి గ్రీజు రాసి వెయ్యండి. స్ప్రింగ్ వాషర్లు మాత్రం ఆ వేడికి పదును పోయి చప్పగా అయిపోతాయి, వాటిని నమ్మొద్దు. రెండు పలకలుగా వచ్చి, గాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునే వాషర్లు ఉంటాయి, దొరికితే అవి వెయ్యండి.

కాశీనగరం జీడితోట:
బోల్టు సరిపెట్టించాను, రెండో దానికి హెలికాయిల్ వేయించాను, ప్యాకింగ్ కొత్తది. చైను కూడా పదును పెట్టించాను, మహేంద్రతనయ గారు చెప్పినట్టు మొన మరీ అరిగిపోయే ఉంది, అందుకే చైను మార్చేశాను. గట్టు మీది నీలగిరి కోశాం. చల్లారాక చూస్తే బోల్టు పావు చుట్టు కూడా తిరగలేదు, మసి చార లేదు. పుస్తకంలో 25:1 అని ఉంది, అదే కలుపుతున్నాను. వంగిన కవరుకి బదులు కొత్తది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, పర్లాలో లేదంటున్నారు.

రాయగడ నీలగిరి:
చూశావా, ఆయిల్ ముందు చూడమన్నాను. ఇంకో మాట, ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ తడి పీలుస్తుంది. కోత అయిపోయాక ట్యాంకులో ఉంచకు, ఒంపేసి, ఆగిపోయేదాకా నడిపి అప్పుడు పక్కన పెట్టు.

గుణుపురం లేత్:
కవరు లేకుండా నడపొద్దు, గాలి సిలిండరు రెక్కల మీదుగా పోవడానికే అది. బరంపురంలో చైనా మిషన్ల సామాన్లమ్మే షాపులుంటాయి, మిషన్ వెనక మోడల్ నంబరు ఫోటో తీసి పట్టుకెళ్ళు. 52కీ 58కీ కొన్ని కవర్లు ఒకటే సరిపోతాయి, కొన్ని సరిపోవు, పాతది చేతిలో పట్టుకొని కలిపి చూసుకున్నాకే కొను.