‘ఎట్ లాస్ట్’ పాట అసలు ఎవరిది?

పాతరికార్డు:
న్యూజెర్సీలో మా అమ్మాయి పెళ్లి విందులో వధూవరులు తొలిసారి కలిసి నాట్యం చేయడానికి అమెరికన్ గాయని ఎటా జేమ్స్ పాడిన ‘ఎట్ లాస్ట్’ను ఎంచుకున్నారు. అందరిలాగే నేనూ అది ఆమె పాటేననుకున్నాను. ఆ తర్వాత ‘కాలమజూ’ పాట కోసం గ్లెన్ మిల్లర్ వాద్యబృందం వారి 78 ఆర్.పి.ఎం. (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు ఒకటి కొని, తిప్పి చూస్తే రెండో వైపున ఇదే పేరు కనిపించింది. దీని పూర్వాపరాలు తెలిసినవారు దయచేసి చెప్పండి.

స్వరజిజ్ఞాసి:
సంగీతం హ్యారీ వారెన్‌ది, సాహిత్యం మ్యాక్ గోర్డన్‌ది. మిల్లర్ బృందంతో ట్వెంటీయత్ సెంచురీ ఫాక్స్ సంస్థ 1941లో తీసిన ‘సన్ వ్యాలీ సెరినేడ్’ కోసం కట్టిన పాట ఇది. అయితే గాత్రంతో సిద్ధమైన పాటను పక్కనపెట్టి, ఆ చిత్రంలో దీన్ని వాద్యసంగీతంగా మాత్రమే వాడుకున్నారు. అదే చిత్రంలోని ‘చట్టనూగా చూ చూ’ 12 లక్షల ప్రతులు అమ్ముడై, 1942 ఫిబ్రవరి 10న మిల్లర్‌కు బంగారు పూత రికార్డును తెచ్చిపెట్టింది. దాని హోరు వింటే, ఈ నెమ్మదైన పాటకు అక్కడ చోటు దొరకకపోవడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. 1942లో వచ్చిన ‘ఆర్కెస్ట్రా వైవ్స్’లో మాత్రమే ఇది మాటలతో సహా ప్రేక్షకులకు వినిపించింది.

తెరవెనుక:
ఆ చిత్రంలో మిల్లర్ బృందం గాయకుడు రే ఎబర్లీతో కలిసి పాడుతున్నట్టు కనిపించేది నటి లిన్ బారీ. వినిపించే గొంతు మాత్రం ప్యాట్ ఫ్రైడేది. నేపథ్యగానంతో పెరిగిన మనకు ఇది వింత కాదు గాని, ఆమె పేరు తెరమీద వేయకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మీ చేతిలోని రికార్డులోనూ ఆమె లేదు. 1942 మే 20న షికాగోలో ధ్వనిముద్రణ చేసిన ఆ రికార్డులో పాడినది ఎబర్లీ ఒక్కడే.

స్వరజిజ్ఞాసి:
ఆ తేదీ గమనించదగ్గది. ఆగస్టు 1న వాద్యకారుల సంఘం రికార్డింగులను నిలిపివేసింది. సెప్టెంబరు చివరికి మిల్లర్ తన బృందాన్ని రద్దు చేసి సైన్యంలో చేరడానికి వెళ్లాడు. మరి కొన్ని నెలలు ఆలస్యమై ఉంటే ఆ బృందం చేతి మీదుగా ఈ రికార్డు వచ్చేదే కాదు. ఎటా జేమ్స్ 1960లో పాడినదీ షికాగోలోనే. రైలీ హాంప్టన్ కూర్చిన వయొలిన్ల మీద సాగిన ఆ పాట 1961లో రిథమ్ అండ్ బ్లూస్ పాటల జనాదరణ జాబితాలో 2వ స్థానానికి చేరినా, పాప్ జాబితాలో 47 దగ్గరే ఆగింది.

పాతరికార్డు:
నిన్న రాత్రి రెండింటినీ ఒకదాని వెంట ఒకటి విన్నాను. మిల్లర్ రికార్డులో వాద్యబృందం రాగమంతా ముందే వినిపించాక గాయకుడు ప్రవేశిస్తాడు. నాట్యం చేసేవారికి అప్పటికే అడుగు కుదిరి ఉంటుంది. ఎటా జేమ్స్ పాటలో వయొలిన్లు అలా మొదలై, క్షణాల్లోనే గొంతు అందుకుంటుంది, ఇక ఆ గొంతు తప్ప మరేదీ వినబుద్ధి కాదు. ఈ ఆదివారం పిల్లలిద్దరూ భోజనానికి వస్తున్నారు. ముందుగా రెండో వైపు వినిపిస్తాను.