ఆయితారం దుకాణం బంద్ పెట్టాల్నా, గిరాకీ లేనప్పుడు కూసుంటే సాలదా?

బల్లార్షా కిరాణం: మా గల్లీ దుకాణదారులు ఆయితారం అందరం బంద్ పెడ్దామంటున్రు. నేను ఒప్పుకోలే. ఎండకాలం మధ్యాన్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రోడ్డు మీద మనిషి కనవడడు, ఫ్యాను కింద కూసునుడే, అది రెస్టు కాదా?

సిరొంచ పిల్లగాడు: కాదు కాకా. గల్లా కాడ ఉన్నంతసేపు చెవి రోడ్డు దిక్కే ఉంటది. నేను బట్టల దుకాణంల చేసిన, గిరాకీ లేకుంటే సేటు థాన్లన్నీ దించి మల్ల మడతపెట్టమనేటోడు, ఊకె కూసుంటే ఓర్వకపోవు. ఆకరికి పెండ్లిండ్ల సీజన్ల ఎవరన్నా చీర చూపియ్యమంటే కూడా కోపమొచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల బర్నవుట్ గురించి ఇదే రాసింది, సత్తువ ఉండదు, పనంటే ఏవగింపు, చేసిన పని చేసినట్టే అనిపియ్యదు.

బల్లార్షా కిరాణం: వాళ్ళు దాన్ని రోగం అన్లేదు, పనికాడి సమస్య అన్నరు. సక్కగ చదువు.

చంద్రపూర్ నర్సు: రోగం కాకుంటే మంచిదైతదా అన్నా? అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ కలిసి 2021ల చెప్పినయి, వారానికి 55 గంటలు, ఆపైన చేసేటోళ్ళకు 35-40 గంటలోళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతోని పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నువ్వు పొద్దుగాల ఏడుకు షటరెత్తి రాత్రి తొమ్మిదికి దించుతవ్, లెక్కగట్టుకో.

బల్లార్షా కిరాణం: మధ్యాన్నం నాలుగు గంటలు తీసెయ్యమంటున్న గదా!!

రాజురా ఆటో: మాకు ఏ రోజు ఆపితే ఆ రోజు పైసలు లేవు, గంతే.

ధర్మాబాద్ మిర్చి: ముంబై మిల్లులల్ల ఆయితారం సెలవు 1890 జూన్ 10 నుంచి వచ్చింది, కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏండ్లకేండ్లు కొట్లాడితే. ఎవ్వరూ ఊకె ఇయ్యలే.

సిరొంచ పిల్లగాడు: కాకా, ఆ నాలుగు గంటలు నీ దగ్గర చేసే ఇద్దరు పోరగాండ్లను ఇంటికి పొమ్మంటవా?

బల్లార్షా కిరాణం: నన్ను దొంగను చేస్తున్నవా? సరుకు బండి అప్పుడే వస్తది, బస్తాలు ఎవరు దించాలె? 2017ల మన మహారాష్ట్ర చట్టమే దుకాణం 365 రోజులు తెరుసుకోమన్నది.

సిరొంచ పిల్లగాడు: తెరుసుకొమ్మన్నది దుకాణాన్ని, మనిషిని నడిపియ్యమని కాదు! పనోనికి వారానికోసారి వరుసగ 24 గంటల సెలవు ఇయ్యాలని అదే చట్టంల ఉన్నది.

బల్లార్షా కిరాణం: అది తెచ్చినప్పుడు పదిమంది, ఆపైన పనోళ్ళున్న దుకాణాలకు. నాకున్నది ఇద్దరు. అసలు సంగతి చెప్త ఇను, ఆయితారం మూస్తే వాళ్ళ కూలి ఎవరియ్యాలె, నేనే గదా, ఉద్దెర బుక్కు నిండుతున్నది గల్లా నిండుత లేదు, మెయిన్ రోడ్డు మీద మార్టు ఏ రోజూ మూయడు, ఒక్కసారి అటు అలవాటైన గిరాకీ మల్ల నా గడప ఎక్కదు, అన్నదమ్ముల పంపకంల నాకొచ్చిందే ఈ దుకాణం.

చంద్రపూర్ నర్సు: గిది ముందే చెప్పాలె అన్నా. రెస్టు వద్దని కాదు నీ బాధ, రెస్టుకు పైసలు నువ్వొక్కనివే పెట్టాలె అని. మా దవాఖానల కూడా ఒకరు తక్కువైతే ముందు పోయేది మా వీక్లీ ఆఫే, దానికి పైసల లెక్కే చెప్తరు. పోరగాండ్లకు ఒకనికొక రోజు, ఇంకొకనికొక రోజు ఇయ్యి, కూలి కోయకు.

బల్లార్షా కిరాణం: ఇస్త. మరి నాకెవరిస్తరమ్మా?

సిరొంచ పిల్లగాడు: గందుకే గల్లీ మొత్తం మూద్దామంటున్నది. అందరూ మూస్తే నీ గిరాకీ పక్కోనికి పోదు.

బల్లార్షా కిరాణం: పక్కోని సంగతి కాదు. మార్టు మూస్తదా? ముందు దానికి జవాబు చెప్పు.