మధుపంబు వోవునే... ఏ మదనములకు?

గసడదవ: ఆధునిక మంత్రసాధకుల కోసం ఉమ్మెత్త గురించి జాగ్రత్తల పత్రం ఒకటి తయారవుతోంది. దాని నెత్తిన పోతన భాగవతంలోని "మందార మకరంద మాధుర్యమునఁ దేలు" పద్యం మొదటి పాదంలో రెండో సగం పెడదామని: "మధుపంబు వోవునే మదనములకు". ఇక్కడ మదనం ఉమ్మెత్తేనా? సీసాల లేబుళ్ల మీద కూడా "మదనం" అనే రాయాలని ఆలోచన.

పాతనిఘంటువు: సందేహమెందుకండీ? అమరకోశం విప్పండి, సంస్కృత పర్యాయపదాల నిఘంటువు. "ఉన్మత్తః కితవో ధూర్తో ధత్తూరః కనకాహ్వయః, మాతులో మదనశ్చ". ఉమ్మెత్తే.

ఆకుపసరు: అదే వర్గంలో కొంచెం వెనక్కి వెళ్తే పిండీతక, మరుబక, శల్యాలతో పాటు మళ్ళీ మదనం కనిపిస్తుంది. అది మంగ, వేరే చెట్టు. వైద్యంలో మదనఫలం అంటే ఎవరైనా మంగకాయే అనుకుంటారు. లేబుల్ మీద ఆ మాట మాత్రం వద్దు. మంగకాయ వాంతి చేయించే మందు. "మదనం" అని చదివి ఉమ్మెత్త గింజ నూరి తాగినవాడికి వచ్చేది వాంతి కాదు, ఉన్మాదం.

యతిమైత్రి: అర్థం సంగతి తర్వాత, ముందు ఛందస్సు చూడండి. మధుపంబు, సలం. వోవునే, రగణం. మదన-ములకు, రెండు నగణాలు. మూడో గణం మొదట, మొదటి అక్షరంతో కలిసేలా, "మ" పడాలి, లేకపోతే యతి తప్పుతుంది. "ఉమ్మెత్తలకు" అని పోతన రాయాలన్నా రాయలేడు.

పాతనిఘంటువు: మరి "మాతులములకు" అనొచ్చుగా? అదీ ఉమ్మెత్తే, యతీ కుదురుతుంది.

యతిమైత్రి: ఒక లఘువు ఎక్కువైంది మాస్టారూ. లెక్కపెట్టి చూడండి.

ఆకుపసరు: ఆ పద్యంలో జంటలు చూడండి. మందాకినికి ఎదురుగా మామూలు ఏరులు, మామిడి చిగురుకు ఎదురుగా కొడిసె, వెన్నెలకు ఎదురుగా మంచు. అన్నీ తక్కువవే తప్ప ఏదీ విషం కాదు. ఒక్క తుమ్మెదకే విషప్పువ్వు ఎందుకు పెడతాడు? పైగా చరకుడి వైద్యగ్రంథం కల్పస్థానంలో మదనఫలమూ కుటజమూ (అదే కొడిసె) రెండూ వమనద్రవ్యాలే, అంటే వాంతి చేయించేవే. మొదటి అధ్యాయం మదనానిది, అయిదోది కుటజానిది. ఒకే పద్యంలో రెండూ రావడం కాకతాళీయం అంటే నమ్మలేను.

తేటగీతి: పోతన పద్యానికి వాంతి వాసన అంటించకండి, దయచేసి. సీసం కింద వచ్చే ఎత్తుగీతి చదివారా? "చింతనామృత పాన విశేష మత్త చిత్త". మత్త! అసలు మత్తు అక్కడ ఉంది. అమృతంతో మత్తెక్కినవాడికి ఉన్మత్తంతో పనేమిటి? మదనం, మత్త, ఉన్మత్త, అన్నిటికీ ధాతువు ఒకటే. ఉమ్మెత్త కాకపోతే ఈ సొగసంతా పోతుంది.

ఆకుపసరు: సొగసు బాగుంది, తుమ్మెద ఒప్పుకోవాలిగా. ఉమ్మెత్త పువ్వు విచ్చేది సాయంత్రం. పొడవాటి గొట్టం అడుగున తేనె. అది పొడవు తొండమున్న రాత్రి చిమ్మటల కోసం పుట్టిన పువ్వు. తేనెటీగలు పుప్పొడి కోసం వాలతాయి, కాదనను. ఆ తేనె తిని మనుషులు విషం పాలైన సందర్భాలూ ఉన్నాయి.

తేటగీతి: అయితే "వోవునే" అన్న ప్రశ్న మరీ పదునెక్కింది కదా!

గసడదవ: లేబుల్ "ఉమ్మెత్త" అని మారుస్తాను. పత్రం లోపల రాసింది ఇది: పీఠం మీద ఎండుకాయ ఒకటి, ధూపంలో చిటికెడు ఆకు, నుదుటికి నూనెలో నానబెట్టిన పువ్వు.

ఆకుపసరు: మొదటిది ఉంచండి, మిగతా రెండూ కొట్టెయ్యండి. ధూపం అంటే పొగ పీల్చడమే, విషం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గదిలో ఉన్నవాళ్ళందరికీ పోతుంది. నూనె ఇంకా మోసం. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపోలమైన్ (ఉమ్మెత్తలోనూ ఉండేదే) పట్టీ మూడు రోజుల మీద వదిలేది సుమారు 1 మిల్లీగ్రాము. మీ నూనెలో ఎంత దిగిందో ఎవరు కొలిచారు? ఒకే చెట్టులో కాయకూ కాయకూ పాళ్ళు మారతాయి. "నిరుడు ఏమీ కాలేదు" అన్నది కొలత కాదు.

ఎండుకాయ పగిలి గింజలు రాలకముందే మూత గట్టిగా పట్టే గాజుసీసాలో పెట్టాలి. చేతికి తొడుగు, ముట్టుకున్నాక సబ్బుతో కడుగు. ఆ వేలు కంటికి తగిలితే పాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. సీసా వంటింటి ఛాయలకు రాకూడదు. గింజలు ఎండుమిర్చి గింజల్లా ఉంటాయి, పొరపాటు పడేది అక్కడే. కలల సాధనకు మూలిక కావాలంటే మాచిపత్రి పొట్లం దిండు కింద పెట్టుకోమనండి, గర్భిణులు తప్ప.

ఎవరైనా మింగితే అరగంట, గంటలో నోరు ఎండిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడ, మూత్రం బిగింపు, లేనిదాన్ని చేత్తో పట్టుకోబోవడం. ఒకటి రెండు రోజులుంటుంది, ప్రాణం మీదికీ వస్తుంది. ఇంట్లో వాంతి చేయించకుండా, మిగిలిన కాయతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పాతనిఘంటువు: ఉన్మత్త, ఉమ్మత్త, ఉమ్మెత్త. అంతా సరే. ఆ "మె" లో ఎత్వం ఎక్కడిది?

తేటగీతి: మెత్తదనం నుంచి వచ్చిందని నా ఊహ. ఆకు మెత్తన కదా.

పాతనిఘంటువు: కాయ నిండా ముళ్ళు. ఆ లెక్కన "ఉమ్ముళ్ళ" కావాలి.

యతిమైత్రి: ఎత్వం వదిలేసి రెండో పాదం చూడండి. "రాయంచ సనునే తరంగిణులకు". రాయంచ, సనునేత, రంగి, ణులకు. యతి "రా"కు "రం". తరంగిణి నడిమధ్యన! మాటను రెండుగా విరిచి యతిస్థానం నిలబెట్టాడు, చెవికి తెలియనైనా తెలియదు. మదనం దగ్గర అంత కష్టం కూడా పడలేదు.

గసడదవ: ఇంతకీ పాదం పైన పెట్టనా వద్దా?

ఆకుపసరు: మంగ అని ఒప్పుకుంటే పెట్టకూడదు.

తేటగీతి: ఉమ్మెత్త కనుక పెట్టాలి.

పాతనిఘంటువు: ముందు మందారం ఏమిటో తేల్చండి. ఎర్ర మందారం అనుకుంటున్నారేమో, అది జపా. అమరంలో మందారం దేవతరువు, బాడిద, జిల్లేడు కూడాను. జిల్లేడైతే శివుడికి అదీ ప్రీతే, ఉమ్మెత్తా ప్రీతే. అప్పుడు తుమ్మెద దేన్ని వదిలి దేనికి పోయినట్టు?