మోకాలి నొప్పికి కొలతలు తీసి చేయించే ఇన్‌సోల్స్: అవసరమా, వృథా ఖర్చా?

కూకట్‌పల్లి వాసి:
మా అమ్మగారికి 63 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ లోపలి వైపు గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు చెప్పారు. ఆ తరువాత ఒక పాదాల క్లినిక్‌లో ఆమెను పలక మీద నిలబెట్టి, మడమల దగ్గర ఎర్రగా కనిపించే మచ్చలను తెర మీద చూపించి, ఆమె పాదాలకు సరిపడే ఇన్‌సోల్స్ (బూట్ల లోపల అరికాలి కింద పెట్టే అట్టలు) చేయిస్తే నొప్పి పోతుందని, 9,000 రూపాయలు అవుతుందని అన్నారు. చేయించమంటారా?

పరుగుల పిచ్చి:
తప్పకుండా చేయించండి. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప వెనుక పొడిచినట్టుండే నా నొప్పి ఇన్‌సోల్స్ వేసుకున్న నెలకే చాలావరకు తగ్గింది.

గుంటూరు ఫిజియో:
మీ నొప్పి వేరు, ఆ అమ్మగారి నొప్పి వేరు. చిప్ప నొప్పితో బాధపడే 179 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. అందులో ఆరు వారాల నాటికి ఇన్‌సోల్స్ వాడినవారు వట్టి చదును అట్టలు వాడినవారికంటే మెరుగ్గా ఉన్న మాట నిజమే కానీ, ఏడాది తిరిగేసరికి అన్ని బృందాల వారికీ నొప్పి బాగా తగ్గింది. పైగా వాడినవి కొలతలు తీసి చేసినవి కావు, రెడీమేడ్‌వే. ఇక గుజ్జు అరుగుదల సంగతికి వస్తే, పాదం బయటి అంచును కాస్త ఎత్తుగా ఉంచితే మోకాలి లోపలి వైపు పడే భారం కొద్దిగా తగ్గుతుందన్న ఆలోచన సబబైనదే. అయినా 200 మందికి ఏడాదిపాటు అలాంటివి తొడిగించి చూసిన 2011 నాటి పరిశోధనలో చదును అట్టలకంటే నొప్పి తగ్గలేదు, గుజ్జు అరుగుదలా ఆగలేదు. అమెరికాలోని కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) 2019 మార్గదర్శకాలు కూడా ఈ వాలు ఇన్‌సోల్స్ వద్దనే సూచించి, వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర వాడకాన్ని గట్టిగా సమర్థించాయి.

పరుగుల పిచ్చి:
అవన్నీ సగటు లెక్కలు కదండీ. ఆ సగటులో బాగుపడినవారూ కొందరు ఉండి ఉంటారు.

గుంటూరు ఫిజియో:
ఉంటారు. అయితే వారెవరో ముందుగా చెప్పగల పద్ధతి ఆ రంగుల తెరలో లేదు. అది అరికాలి ఒత్తిడిని చూపుతుందే తప్ప మోకాలి నొప్పికి కారణాన్ని చూపదు. అన్నట్టు, అమ్మగారు రోజులో ఎంతసేపు బూట్లు వేసుకుంటారు?

కూకట్‌పల్లి వాసి:
ఈ ప్రశ్న ఆ క్లినిక్‌లో ఎవరూ వేయలేదు. తెల్లవారి ఐదింటి నుంచి వంటింట్లో వట్టి కాళ్లతోనే నిలబడి ఉంటారు. సాయంత్రం గుడికి వేసుకునేవి రెండు పట్టీల చెప్పులు, వాటినీ గుడి మెట్ల దగ్గరే విడుస్తారు. ఇంకా అడ్వాన్సు కట్టలేదు. తొడ కండరాలకు ఏయే వ్యాయామాలు చేయించాలో దయచేసి రాయండి.